గడపదాకా చేరవలసిన ఉత్తరము

(చౌడేపల్లె ప్రాంతపు పంచాయతీ సభ్యుల సమావేశమునందు చేసిన ప్రసంగ పాఠము)



పంచాయతీ సభ యనగానే రోడ్లు, మంచినీరు, వీధి దీపములు, పన్నుల వసూలు అను విషయములే మొదట జ్ఞప్తికి వచ్చును. వాటి నడుమ ఈనాడు తపాలా బట్వాడా పనిని గూర్చి నాలుగు మాటలు చెప్పుమని మమ్ము పిలిచినారు. అరువదియైదు ఏండ్లు నిండు వరకు ఈ ప్రాంతపు పల్లెలలో సంచి మోసి, ఆ మీదట దించినవారము మేము. పుస్తకములు చదివి నేర్చినది తక్కువ. నడిచి నేర్చినదే మా విద్య. అందు మీకు ఉపయోగపడునదేమైన ఉండునేమోయని ఇచట నిలిచితిమి.

తపాలా కేంద్ర ప్రభుత్వపు శాఖ గదా, దానితో పంచాయతీకి పని యేమి అని మీలో కొందరు తలంపవచ్చును. ఢిల్లీలో పెట్టెలో వేసిన ఉత్తరము విమానములోనో రైలులోనో మోటారులోనో మదనపల్లె వరకు వచ్చును. అంతవరకు దానిని యంత్రములు మోయును. ఆ పిదప పల్లెకు పోవు దారి మీ పంచాయతీ దారి. వీధికి పెట్టిన పేరు మీరు పెట్టిన పేరు. తలుపుమీది సంఖ్య మీరు వేయించిన సంఖ్య. కావున వేయి మైళ్ళ ప్రయాణములో చివరి రెండు మైళ్ళు మీ చేతిలోనివే. ఉత్తరము సాధారణముగా దారి తప్పునది కూడ ఆ చివరి రెండు మైళ్ళలోనే.

ఒక దినపు పని

ముందుగా మా పని యెట్టిదో చెప్పెదము. ఉదయమున పెద్ద పోస్టాఫీసునుండి శాఖా తపాలా కార్యాలయమునకు సంచి వచ్చును. సంచిని వెంటనే విప్పరాదు. ముద్ర చెక్కుచెదరక యున్నదో లేదో చూడవలెను. తరువాత విప్పి, లోపలి చీటీలో వ్రాసిన లెక్కకును, సంచిలోని వస్తువులకును సరిపోయినదా యని చూడవలెను. ముఖ్యమైన ఉత్తరములు ఎన్ని, పార్సెళ్ళు ఎన్ని, నగదు ఎంత, అన్నియు కుదిరిన పిదప తేదీ ముద్ర వేసి, పల్లెవారీగా, వీధివారీగా అమర్చుకొని బయలుదేరవలెను.

ఈ ప్రాంతమును మీరెరుగుదురు. పుంగనూరు, చౌడేపల్లె వైపు రైలు మార్గము లేదు. ఒక గ్రామమనగా ఒకచోట కుదురుగా ఉన్న ఇండ్లు కావు. నాలుగిండ్లు చెరువు క్రింద, పదిండ్లు గుట్ట ప్రక్కన, మరికొన్ని టమాట తోటల నడుమ. బోయకొండ చుట్టుపట్ల బండలమీది ఎండ వైశాఖమున చెప్పులగుండ కాలును కాల్చును. చెరువులు నిండిన యేడు కట్టమీదుగా చుట్టు తిరిగి పోవలెను. వాన లేని యేడు దారి దగ్గరే గాని, గ్రుక్కెడు నీరు దొరకదు. సైకిలు తొక్కుట వచ్చునాయని ఈ ఉద్యోగములో చేరునాడు అడుగుదురు. చాలచోట్ల సైకిలు మమ్ము మోయుటకంటె మేమే సైకిలును మోసితిమి.

సాయంకాలమున తిరిగి వచ్చి లెక్క యొప్పగించవలెను. అందని ఉత్తరము మీద కారణము వ్రాయవలెను. ఇల్లు తాళము వేసియున్నది, ఊరు విడిచినారు, చిరునామా చాలదు, పుచ్చుకొనుటకు నిరాకరించినారు అని రెండు మూడు మాటలే. కాని ఆ మాటల బరువు మీరు గుర్తింపవలెను. వచ్చినది కోర్టు నోటీసు అనుకొందము. గృహస్థుడు పొలములో నుండగా, ఇంటికి పోకయే "నిరాకరించినారు" అని వ్రాసినచో, నోటీసు అతనికి అందినట్లే న్యాయస్థానము తలంచు అవకాశము కలదు. అతడు లేకయే వ్యాజ్యము నడచును. ఎకరము భూమి ఆ ఒక్క మాటతో చేయి జారవచ్చును. కావున తలుపు తట్టక కారణము వ్రాయరాదని మా పెద్దలు మాకు మొదటి దినముననే చెప్పిరి.

సంచి వెనుక చరిత్ర

ఈ సంచికి దీర్ఘమైన చరిత్ర కలదు. పూర్వము రాజుల జాబులు, కంపెనీ దొరల జాబులు మాత్రమే అంచెలమీద పోవుచుండెను. 1786లో మద్రాసునందు పెద్ద తపాలా కార్యాలయము వెలసెను. 1854లో దేశమంతటికి ఒకే తపాలా శాఖ యేర్పడి, ఉత్తరపు ఖర్చును దూరమును బట్టి గాక తూకమును బట్టి నిర్ణయించిరి. ఇది చిన్న మార్పు కాదు. ప్రక్క ఊరికి పోవు జాబునకును, కాశీకి పోవు జాబునకును ఒకే బిళ్ళ చాలెను. 1879లో కాలణా కార్డు వచ్చెను. 1880లో మనియార్డరు, 1882లో పోస్టాఫీసు సేవింగ్సు బ్యాంకు వచ్చినవి. రాజునకు మాత్రమే యున్న సౌకర్యము కూలివానికిని అందుబాటులోనికి వచ్చెను.

ఆ దినములలో సంచిని మోసినవారు రన్నర్లు. చేతిలో గజ్జెలు కట్టిన ఈటె, భుజముమీద సంచి. గజ్జెల చప్పుడు మృగములను బెదరించుటకును, ముందున్న అంచెవానిని మేలుకొలుపుటకును పనికివచ్చెడిది. అడవులలో పులి వాత బడినవారును, యేరు దాటబోయి కొట్టుకొనిపోయినవారును వారిలో కలరు. వారి పేర్లు ఎవరును వ్రాసి పెట్టలేదు.

స్వాతంత్ర్యము వచ్చునాటికి దేశమందలి పోస్టాఫీసులు 23,344. అందు గ్రామములలో నున్నవి 19,184. ఈనాడు మొత్తము లక్షా అరువది వేలకు మించినవి. పదింట తొమ్మిది పల్లెలలోనివే. ఇంత విస్తారమైన తపాలా వ్యవస్థ ప్రపంచములో మరియొక దేశమునకు లేదు.

జాబు, దాని మర్యాద

మేము ఈ పనిలో చేరిన కాలమున జాబు తెచ్చుట ఒక పని, దానిని చదివి వినిపించుట మరియొక పని. చదువు రాని తల్లులు అరుగుమీద కూర్చుండి మా రాక కొరకు చూచెడివారు. బెంగుళూరులో కూలికి పోయిన కొడుకు, కువైటులో ఇంటిపనికి పోయిన కూతురు, పట్టాళములో చేరిన తమ్ముడు, వీరందరు ఆ సంచిలోనే ఉందురని వారి నమ్మకము.

"నాయనా, మా అబ్బోడి జాబేమైనా వచ్చిందా?" అని ఒక అవ్వ మమ్మును ప్రతిదినము అడిగెడిది. లేదని చెప్పుటకు మనసొప్పక "రేపొస్తుందిలే అవ్వా" అనుచుంటిమి. ఒకనాడు ఆమె మా చేయి పట్టుకొని, "రేపని చెప్పొద్దు నాయనా. లేదంటే లేదని చెప్పు. నువ్వు రేపంటే నాకు రాత్రి నిద్ర పట్టదు" అనెను. దయ యనుకొని చెప్పిన మాట ఆమెకు శిక్ష అయినది. అది మొదలు సంచిలో లేనిదానిని నోటితో ఇచ్చుట మానివేసితిమి.

మదనపల్లె దగ్గర ఆరోగ్యవరమును మీరెరుగుదురు. 1915లో అచట క్షయరోగుల చికిత్సాలయము వెలసెను. క్షయకు మందులు రాని కాలమున రోగులు అచట నెలల తరబడి, యేండ్ల తరబడి విశ్రాంతి తీసికొనుచుండిరి. ఇంటినుండి వచ్చు జాబు అట్టివారికి ఎంతటి ఆధారమో వేరుగ చెప్పనక్కరలేదు. ఉత్తరమును ఒక దినము ఆలస్యము చేసిన యేమగునని అనువారు, పడకమీద నుండి దారివైపు చూచు మనిషిని ఒకమారు తలంచుకొనవలెను.

చదివి వినిపించువానికి ఇంటి గుట్టు తెలియును. అప్పు తెలియును, తగవు తెలియును, బిడ్డ కాపురములోని కష్టము తెలియును. ఒక వీధిలో చదివిన మాట రెండవ వీధిలో పలుకరాదు. ఇది నియమ పుస్తకములో నుండినను లేకపోయినను మనుష్య ధర్మము. రచ్చబండ దగ్గర "ఫలానావారికి ఏమి వచ్చినది?" అని పెద్దమనుష్యులు అడుగుట కలదు. వారికి కోపము వచ్చినను సరే, "వారినే అడగండి పెద్దాయనా" అని మాత్రమే మేము బదులు చెప్పెడివారము. పంచాయతీ సభ్యులును ఆ ప్రశ్న వేయకుండుట మంచిదని మనవి.

మా ఉద్యోగ స్థితి

మా స్థితిని గూర్చియు కొంత చెప్పవలసియున్నది. ఇది మొరపెట్టుకొనుటకు కాదు. పల్లెకు వచ్చు తపాలా మనిషి సర్కారు జీతగాడని, అతనికి కొరత లేదని పలువురు తలంచుచున్నారు. నిజము కొంచెము వేరు.

పల్లెలలో తపాలా పని చేయువారిలో అత్యధికులు శాఖలోని పూర్తి ఉద్యోగులు కారు. మునుపు వీరిని శాఖేతర ఏజెంట్లు అనుచుండిరి. వీరి కొరకు 1964లో ప్రత్యేక నియమములు చేయబడెను. దినమునకు కొన్ని గంటల పని. బ్రతుకుటకు వేరొక ఆధారము కూడ ఉండవలెనని నిబంధన. అందువలననే మాలో చాలమంది తెల్లవారుజామున మడికి నీరు కట్టి, పిదప సంచి తగిలించుకొన్నవారు. 1977లో సుప్రీంకోర్టు, వీరును ప్రభుత్వపు సివిల్ పదవిలో నున్నవారేయని, విచారణ లేక తొలగింపరాదని తీర్పు చెప్పెను. 2001లో పేరు మారి గ్రామీణ డాక్ సేవకులైరి. 2018 జూలై 1 నుండి అమలైన నిర్ణయము ప్రకారము, బట్వాడా మొదలైన పనులు చేయు సేవకునికి నాలుగు గంటల పనికి నెలకు 10,000 రూపాయలు, ఐదు గంటలకు 12,000 రూపాయలు కనీస భత్యముగను, శాఖా పోస్టుమాస్టరునకు 12,000, 14,500 రూపాయలుగను స్థిరపడెను. దానిపై కరవు భత్యము కలదు. శాఖలోని పూర్తి ఉద్యోగులకు వలె పింఛను మాత్రము లేదు.

మరియొక సంగతి. శాఖా పోస్టాఫీసు నడుచు గదిని సమకూర్చవలసినది సాధారణముగా ఆ పోస్టుమాస్టరే. పలుచోట్ల అది అతని ఇంటి వసారా. వాన కారిన ఆ వసారాలోనే మీ ఊరి పొదుపు పుస్తకములు, మీ బిడ్డల సర్టిఫికెట్లు ఉండును.

మా తప్పు ఒకటి

ఇప్పుడు మేము చేసిన తప్పు ఒకటి చెప్పెదము. ఊరి పేరు చెప్పము, మనుష్యుల పేర్లు చెప్పము.

ఒక పల్లెలో ఒకే పేరు గల యువకులు ఇద్దరుండిరి. ఒకడు ఊరిలో, మరియొకడు చెరువు ఆవల దళితవాడలో. ఇద్దరి తండ్రుల పేర్లకును మొదటి అక్షరమొకటే. ఒక వర్షాకాలపు సాయంకాలమున ఆ పేరిట ఒక కవరు వచ్చెను. చిరునామాలో పేరును, ఊరును తప్ప మరేమియు లేదు. ఏ వీధియో, ఏ ఇల్లో వ్రాయలేదు. చెరువుకట్ట బురదగా నుండెను. చీకటి పడుచుండెను. ఊరిలోని కుర్రవానిదే కావచ్చునని తలంచి, అతని యింటి ప్రక్క అంగడిలో ఇచ్చి వచ్చితిమి. అతడు బెంగుళూరు పోయియుండెను. కవరు అంగడిలో పద్దు పుస్తకముల క్రింద పడియుండెను.

పదునెనిమిది దినముల తరువాత అది అసలువానికి చేరెను. ఉద్యోగపు పరీక్షలో నెగ్గినవాడవు, ఇంటర్వ్యూకు రమ్మని పిలుపు. ఆ తేదీ దాటి మూడు దినములైనది. ఆ సంవత్సరముతో అతనికి వయోపరిమితి కూడ ముగిసెను.

మేము వారి యింటికి పోయి తప్పు ఒప్పుకొంటిమి. కొట్టినను తిట్టినను పడవలెననియే పోయితిమి. ఆ తండ్రి కొంతసేపు మాటలాడలేదు. పిదప, "నీదొక్కటే తప్పా నాయనా? మా వీధికి పేరుందా? మా ఇంటికి నంబరుందా? మేముండేది ఎవరికి తెలుస్తుంది?" అనెను. తిట్టియుండిన మరచిపోయెడివారమేమో. ఆ మాట మాత్రము ఈనాటికిని మరువలేదు.

తప్పు మాదే. గడపదాకా పోవలసినది, పోలేదు. బురద ఒక కారణము. కాని మనసు విప్పి చెప్పవలెనన్న, ఊరిలోని గడప దగ్గర, చెరువు ఆవలి గడప దూరము అను అలవాటు కూడ ఒక కారణము. దూరము కాళ్ళదిగా కనబడుచున్నను, అది కాళ్ళది మాత్రమే కాదు. మా ముందు తరములో పలుచోట్ల ఆ వాడ ఉత్తరములను ఊరి అరుగుమీద వేసి, వచ్చి తీసికొనిపొమ్మని కబురంపుచుండిరి. తపాలా బిళ్ళ వెల మాత్రము అందరికి ఒకటే. ఒకే వెల చెల్లించినవారికి ఒకే మర్యాద జరుగవలెను గదా!

మరుసటి నెలలో మేము ఆ పంచాయతీ వారిని కలిసి విన్నవించుకొంటిమి. వారు మంచివారు. ఇద్దరు కుర్రవాండ్రకు రంగు డబ్బాలిచ్చి, ఊరును వాడయు కలిపి వరుసగా ప్రతి తలుపుమీద సంఖ్య వేయించిరి. వాడలోని రెండు వీధులకు పేర్లు పెట్టిరి. ఇందుకైన ఖర్చు చాల స్వల్పము. అటుపిమ్మట ఆ పల్లెలో, మాకు తెలిసినంతవరకు, ఒకరి జాబు మరియొకరికి పోలేదు. ఆ యువకునికి మాత్రము పోయిన సంవత్సరము తిరిగి రాలేదు.

ఈనాటి తపాలా

ఈ రోజులలో ఉత్తరములు ఎవరు వ్రాయుచున్నారు, ఫోను ఉండగా తపాలా ఎందులకు అని అనుట వినుచున్నాము. 2013 జూలైలో టెలిగ్రాము సేవ ముగిసినది. సొంత జాబులు తగ్గినవి, నిజమే. కాని సంచి ఖాళీ కాలేదు. దానిలోని సరకు మారినది. ఆధార్ కార్డు, పాన్ కార్డు, పాస్‌పోర్టు, బ్యాంకువారి ఏటీఎం కార్డు, కోర్టు నోటీసు, మందుల పార్సెలు, ఉద్యోగపు ఉత్తర్వు, ఇవన్నియు నేటికిని కాగితముగనో, మూటగనో రావలసినవే. వెనుకటి జాబు ఆలస్యమైన మనసు బాధపడెడిది. ఈనాటి కాగితము పోయిన హక్కే పోవును.

2018 సెప్టెంబరు 1న ఇండియా పోస్టు పేమెంట్సు బ్యాంకు ప్రారంభమైనది. చేతి యంత్రమును తీసికొని తపాలా మనిషి ఇంటికి వచ్చి, ఆధార్‌తో ముడిపడిన ఖాతానుండి వేలిముద్రపై నగదు ఇయ్యగలుగుచున్నాడు. బ్యాంకు మెట్లు ఎక్కలేని వృద్ధులకు ఇది గొప్ప మేలు. కాని పొలములో కలుపు తీసి, రాళ్ళు మోసి అరిగిన వేళ్ళను యంత్రము ఒక్కొక్కమారు గుర్తింపదు. అట్టివారిని రేపు రమ్మని త్రిప్పక, వేలు కడిగించి, వేరొక వేలు పెట్టించి, ఓపికతో చూడవలెను. గుర్తించినను, డబ్బు వచ్చినదో రాలేదో, ఎంత వచ్చినదో నోటితో చెప్పి, వారి యెదుటనే లెక్కించి ఇయ్యవలెను. యంత్రము చూపు అంకెను చదువలేనివారికి నోటిమాటయే రసీదు.

చట్టమును మారినది. 1898 నాటి తపాలా చట్టమునకు బదులుగా 2023లో చేసిన క్రొత్త చట్టము 2024 జూన్ 18 నుండి అమలులోనికి వచ్చినది. మనకందరకు అలవాటైన రిజిస్టర్డు పోస్టును 2025లో స్పీడుపోస్టులో కలిపివేసిరి. పేర్లు మారును, పద్ధతులు మారును. చిరునామా సరిగ లేనిచో మాత్రము ఏ పద్ధతియు పనిచేయదు.

పిన్‌కోడు సంగతి

పిన్‌కోడు వ్రాసితిమి గదా, ఇక చాలునని పలువురి అభిప్రాయము. ఇది పొరపాటు. శ్రీరామ్ భికాజీ వేలంకర్ రూపొందించిన ఈ ఆరంకెల పద్ధతి 1972 ఆగస్టు 15న అమలులోనికి వచ్చెను. మొదటి అంకె 5 అయినచో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, కర్ణాటకలను తెలుపును. మొదటి మూడంకెలు కలిసి ఉత్తరములను వేరుచేయు ప్రాంతమును తెలుపును. చివరి మూడును బట్వాడా కార్యాలయమును తెలుపును. పుంగనూరునకు 517247, మదనపల్లెకు 517325, కుప్పమునకు 517425. మూడును 517తో మొదలగుట గమనింపుడు.

అయితే శాఖా పోస్టాఫీసులకు వేరుగ పిన్‌కోడు ఉండదు. వాటి పై కార్యాలయపు సంఖ్యయే వాటికిని సంఖ్య. అనగా ఒకే పిన్‌కోడు క్రింద పదుల కొలది పల్లెలుండును. మన ప్రాంతములో కొత్తపల్లెలు ఎన్ని, దిగువపల్లెలు ఎన్ని, కొత్త ఇండ్లు ఎన్ని! కావున పిన్‌కోడు ఉత్తరమును పెద్ద ఊరివరకే తెచ్చును. అచటినుండి పల్లె పేరు, శాఖా పోస్టాఫీసు పేరు, వీధి, ఇంటి సంఖ్య, తండ్రి పేరో భర్త పేరో, వీలైన ఫోను సంఖ్య దానిని గడపకు చేర్చవలెను.

పంచాయతీ చేయదగిన పనులు

ఇంతవరకు చెప్పినదానినుండి మీకు మా మనవులు ఇవి.

మొదటిది, ప్రతి యింటికి సంఖ్య, ప్రతి వీధికి పేరు. క్రొత్తగా కట్టిన కాలనీలకును, చెరువు ఆవలి వాడలకును, తోటలలోని ఇండ్లకును మొదట వేయింపుడు. అవియే తరచుగ మరుగున పడుచున్నవి. పన్ను పుస్తకములోని సంఖ్యయు తలుపుమీది సంఖ్యయు ఒకటిగ నుండవలెను.

రెండవది, మీ గ్రామపు సరియైన చిరునామా యెట్లు వ్రాయవలెనో పెద్ద అక్షరములతో పంచాయతీ కార్యాలయపు గోడమీదను, పాఠశాల గోడమీదను వ్రాయింపుడు. ఉద్యోగములకు అర్జీలు పెట్టు పిల్లలు దానిని చూచి వ్రాసికొందురు. బడిలో ఒకనాడు పిల్లలచేత తమ ఇంటికి తామే కార్డు వ్రాయించుట మంచి పాఠము. ఎవరి కార్డు చేరలేదో, వారి చిరునామాలో లోపమున్నట్లు తెలియును.

మూడవది, ఇతరుల ఉత్తరములను అంగడిలోనో, టీ కొట్టులోనో, నాయకుని యింటిలోనో పెట్టించు అలవాటును మాన్పింపుడు. "మా దగ్గర ఇయ్యి, మేమిస్తాములే" అను మాట మంచి మనసుతో చెప్పినదైనను దానివలన నష్టము కలదని మా అనుభవము చెప్పుచున్నది.

నాల్గవది, వలసపోయిన కుటుంబముల సంగతి. బెంగుళూరునకును, గల్ఫు దేశములకును పోవువారు తమ ఉత్తరములను ఎవరు తీసికొనవలెనో వ్రాతమూలముగ పోస్టాఫీసులో తెలిపిపోవునట్లు చెప్పుడు. లేనిచో ముఖ్యమైన ఉత్తరము కొద్ది దినములు ఆగి, పంపినవారికే తిరిగిపోవును.

ఐదవది, పోస్టాఫీసునకు కారని కప్పు. పంచాయతీ భవనములో ఖాళీ గది యుండి, శాఖవారు ఒప్పుకొన్నచో దానిని ఇచ్చుట ఊరికే మేలు. ఒక బల్ల, ఒక దీపము, కూర్చుండుటకు ఒక అరుగు చాలును.

ఆరవది, పొదుపు. ఆడపిల్లల కొరకు 2015లో వచ్చిన సుకన్య సమృద్ధి ఖాతాను పదేండ్లలోపు బాలికకు సంవత్సరమునకు 250 రూపాయలతో నడుపవచ్చును. 1995 మార్చి 24 నుండి గ్రామీణ తపాలా జీవిత బీమా కలదు. ఇట్టివి తెలియకయే ఊరు పేరు తెలియని కంపెనీలలో డబ్బు కట్టి నష్టపోయిన కుటుంబములను మేము చూచితిమి. కట్టిన ప్రతి రూపాయికి పుస్తకములో ముద్ర వేయించుకొనుమని, లేక రసీదు తీసికొనుమని మీరు అందరికి చెప్పవలెను. తపాలా మనిషిని నమ్ముట మంచిదే. అయినను ముద్రలేని నమ్మకము ఇరువురకును ప్రమాదమే.

చివరిది, ఆలస్యమైనను, తప్పు జరిగినను ఊరకుండవద్దు. శాఖా పోస్టుమాస్టరుతో చెప్పుడు. ఫలితము లేనిచో పై అధికారికి వ్రాతమూలముగ తెలుపుడు. ఫిర్యాదు చేసిన రోషము వచ్చునని వెనుదీయవద్దు. మమ్ము దిద్దినది ఆనాటి ఆ తండ్రి మాటయే గదా! మరియు, ఎండలో వచ్చిన మనిషికి చెంబెడు నీరిచ్చుట, కుక్కను కట్టివేయుట మరువవద్దు. మా కాళ్ళమీది మచ్చలలో సగము ముండ్లవి, సగము కుక్కలవి.

ముగింపు

సభ్యులారా! ఒక రాజ్యము తన ప్రజలను ఎంతగా ఎరుగునో తెలిసికొనుటకు మాకు తెలిసిన గుర్తు ఒక్కటే. మారుమూల పల్లెలో, చివరి వాడలో, చివరి యింటిలోని మనిషి పేరిట ఒక కార్డు బయలుదేరినచో, అది అతని చేతికి చేరునా లేదా అనునదే. చేరినచో ఆ మనిషి లెక్కలో నున్నాడు. చేరనిచో, వోటరు జాబితాలో పేరున్నను, అతడు ఇంకను ఊరి బయటనే యున్నాడు.

ఇప్పుడు సంచి మోయుచున్నవారు చిన్నవారు, చదువుకొన్నవారు. పదవ తరగతి మార్కులతో ఎంపికయై, కొందరు దూరపు ఊళ్ళనుండి వచ్చినారు. మీ దారులు వారికి తెలియవు. వారికి దారి చూపుట మీ పని. గడపదాకా నడుచుట వారి పని. ఈ రెండును జరిగినచో, మేము పోగొట్టిన ఆ కవరు వంటిది మరియొకటి ఈ ప్రాంతములో పోదు.